ముందు చిటికెన వేలు

నిన్న మధ్యాహ్నం వాన వెలిసింది. జంగ్లీఘాట్‌లో, సముద్రం మధ్యన మా దీవిలోని జాలరిపేటలో, రేకుల కప్పుల మీంచి ఆవిరి లేస్తోంది. నేను వంటింట్లో వంజరం ముక్కలకు పసుపు రాస్తున్నాను. అంతలో వరండాలోంచి ఒక వాసన వచ్చింది. మాగిన అరటిపండులాంటి తీపి, దాని వెంటే ముక్కును గిల్లే ఘాటు. మా అమ్మాయి కరుణ గోళ్ళరంగు సీసా మూత తీసింది. దాని పెళ్ళి దగ్గరపడింది మరి. ఆ వాసన తగలగానే నా చేతిలో చేపముక్క అలాగే ఉండిపోయింది. వాన వెలుతురులో వంటింటి గోడ కొంచెం కొంచెంగా కరిగిపోయి, అబర్డీన్ బజారులో ఇరుకు మెట్లెక్కి వెళ్ళే ఆ చిన్న గది, దాని నీలం పరదా, పరదా వెనక కూనిరాగం తీస్తూ సువార్త దీదీ, ఒక్కొక్కటీ వచ్చి నా ముందు నిలబడ్డాయి.

దీదీని మీరెవరూ చూసి ఉండరు. వాళ్ళ తాత విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. ఆమెకు బజారులో బ్యూటీ పార్లరు ఉండేది. ఆదివారం తెలుగు చర్చిలో పాడిన పాట మళ్ళీ శనివారం దాకా ఆమె గొంతులో మెదులుతూనే ఉండేది. భారీ మనిషి. ఆమె వస్తోందని ముందు మెట్లే చెప్పేవి. చేతులు మాత్రం నీళ్ళ మీద తేలే ఆకుల్లా ఉండేవి. నేనేమో శ్రీకాకుళం వైపు నుంచి పెళ్ళై వచ్చిన దాన్ని. అయిదో తరగతితో బడి మానేశాను. మా ఆయన బోటు మీద వేటకు వెళ్తాడు. కరుణ ఇంకా పాకే పిల్లగా ఉన్నప్పుడు నేను పార్లరులో తువ్వాళ్ళు ఉతకడానికి చేరాను. చేరిన కొత్తలోనే దీదీ దారంతో కనుబొమలు తీయడం నేర్పింది. సీసాల అడుగున మిగిలిన రంగులు కూడా నాకే ఇచ్చేసేది. అంతకుముందు నా గోళ్ళకు చేపల పొలుసు తప్ప వేరే మెరుపు తెలియదు. ఒకరోజు నేరేడుపండు రంగు, ఒకరోజు సాయంత్రం మబ్బు రంగు. బస్సులో కిటికీ కమ్మీ పట్టుకుని కూర్చుని నా వేళ్ళను నేనే చూసుకుంటూ, దిగాల్సిన చోటు దాటి వెళ్ళిపోయేదాన్ని.

అలా ఉండగా నా కళ్ళ రెప్పలు వాచాయి. ముందు దురద, తర్వాత ఎరుపు, ఆ తర్వాత ఉల్లిపొరలా చర్మం లేచిపోవడం. మెడ మీద కూడా దద్దు వచ్చింది. చేతులకు మాత్రం ఏమీ లేదు. జంగ్లీఘాట్‌లో ఒంటి మీద ఏం లేచినా నేరం చేప మీదికే పోతుంది. ఎదురింటామె "సూర తిన్నావేటి? సూరైతే దద్దుర్లే" అంది. పక్కింటామె కాదు, పీత అంది. మా అత్త చేపే మానిపించేసింది. ఇంటి నిండా వేట సరుకు, నా కంచంలో మాత్రం పప్పుచారు. అయినా తగ్గలేదు. పైగా కరుణ బుగ్గల మీద కూడా ఎర్రటి మచ్చలు తేలాయి. దాంతో మా అత్తకు భయం పట్టుకుంది. ఆమె చెడ్డది కాదు. నాకు చూపు పోతుందని ఒక భయం, పిల్లకు నానుంచి అంటుకుంటోందని ఇంకో భయం. "దీవి గాలి దీనికి పడలేదు. వాళ్ళమ్మ కాడ కొన్నాళ్ళుంటే అదే సర్దుకుంటది. పిల్లని నేను సూసుకుంటాను" అని తేల్చేసింది. మా ఆయన వల బాగుచేస్తూ తల ఎత్తలేదు. మర్నాడు వెళ్ళి, వచ్చే ఓడకు నా ఒక్కదానికే టికెట్టు తెచ్చాడు. పిల్లను ఎత్తుకోనివ్వడం కూడా మానేశారు. అది చాప మీద నుంచి చేతులు చాస్తుంటే నేను గుమ్మంలో కూర్చుని చూసేదాన్ని. వాచిన రెప్పల సందులోంచి అది నీళ్ళ అడుగున ఉన్న పిల్లలా కనిపించేది.

నేను పనికి రావడం లేదని దీదీ ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. తెల్లచీర, చేతిలో బైబిలు. వస్తూనే నన్ను చూసి, "ఒలే రత్నం, ఏటే ఈ మొహం! తేనెపట్టులో తల పెట్టేవేటి?" అంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మా అత్త సంగతంతా చెప్పింది. దీదీ వింటూనే కరుణను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బుగ్గను వెలుతురుకు తిప్పి చూసింది.

"పిన్నీ, దీనికి పళ్ళొచ్చేయా?"

"రెండే. గంజీ పాలే ఇంకా."

"మరి సూర ఎప్పుడు తిన్నాదీ?"

"తల్లిపాలల్లోంచి వచ్చుంటది" అంది అత్త, తగ్గకుండా.

"తల్లికి మాన్పించేసేరు కదా. పాపం, ఆ సూర ఎక్కడో ఈదుకుంటాంది, దాని మీద కేసు పెట్టేసేరు."

మా ఆయన వల చాటున నవ్వాడు. దీదీ తన వేళ్ళు మడిచి పిల్ల బుగ్గ దగ్గర పెట్టింది. ఇటు బొటనవేలంత మచ్చ, అటు రెండు వేళ్ళంత మచ్చ. అచ్చం ఎవరో బుగ్గ పుణికినట్టు. అప్పుడు నా వైపు తిరిగింది. నా వేళ్ళకు నేరేడురంగు నిగనిగలాడుతోంది. ఓడెక్కి వెళ్ళిపోయేదాన్ని కదా, చివరిసారి అని పొద్దున్నే వేసుకున్నాను.

"రంగేసుకున్నాక ఎంతసేపాగి పిల్లనెత్తుకుంటావే?"

"అది ఏడుస్తుంటే ఆగుతానేటి దీదీ? తడిగా ఉండగానే ఎత్తుకునేదాన్ని."

"కళ్ళు కూడా తడి వేళ్ళతోనే నలుపుకుంటావు. గోరు గట్టిది, దానికేం కాదు. ఆ వేలు ఎక్కడెక్కడికి పోతే రోగం అక్కడక్కడ లేస్తాంది." మా అత్త వైపు తిరిగి, "పిన్నీ, ఈ ఓడ వదిలెయ్యండి. రంగు తీసేస్తాను. మీరు చేప పెట్టండి. తగ్గకపోతే తర్వాతి ఓడకి జెట్టీ దాకా దీని సంచి నేనే మోస్తాను. పక్కా" అంది.

అత్త లేచి పొయ్యి మీద చేపల పులుసు పెట్టింది. అదే ఆమె జవాబు.

దీదీ నన్ను మెట్ల మీద, గాలి తగిలే చోట కూర్చోబెట్టి గోళ్ళు తుడిచింది, సబ్బుతో కడిగించింది. ఓడ బయల్దేరిన సాయంత్రం నాకు ఇప్పటికీ కలలోలాగే గుర్తు. కూత వినిపించింది. తెల్లటి ఓడ, నా చోటు ఖాళీగా పెట్టుకుని, మెల్లగా జరుగుతూ సముద్రం రంగులో కలిసిపోయింది. నేను బోసి గోళ్ళతో చేప తింటున్నాను. అత్త ముల్లు తీసి ముక్క నా కంచంలో వేసి, నా రెప్పలకేసే చూస్తూ కూర్చుంది. వాన తెరిపి ఇచ్చినట్టు, రోజురోజుకూ నా కళ్ళు విచ్చుకున్నాయి. పిల్ల బుగ్గ కూడా తేటపడింది. అయినా దీదీ ఊరుకోలేదు. "నా మాట అనుమానమే. చెప్పాల్సింది డాక్టరు" అని చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆమె నా వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి చూసి, రంగుకు గట్టిదనం ఇచ్చే మందు ఒకటి నాకు పడదని, ఇక జన్మలో వేసుకోవద్దని చెప్పింది.

నా పని పోయిందనుకున్నాను. దీదీ విని, "రంగు పడకపోతే కత్తెర కూడా పడదేటే?" అని జుట్టు కత్తిరించడం నేర్పింది. రంగులేసే బల్లను కిటికీ దగ్గరికి జరిపి, నన్ను గదికి రెండో కొసన నిలబెట్టింది. ఆనాటి నుంచి ఎవరికి రంగేసినా చర్మానికి అంటనిచ్చేది కాదు. అంటితే వెంటనే తుడిచేది. దీపం కింద ఆరబెట్టే కొత్త రంగులొచ్చాక, పూర్తిగా గట్టిపడే దాకా వేలు కదలనిచ్చేది కాదు. ఇక ఎవరి మొహం ముట్టుకోవాలన్నా తన వేలికొసలు తగలకుండా, వేళ్ళు మడిచి వెనుక వైపుతో గడ్డం ఎత్తేది.

పెళ్ళికూతుళ్ళకైతే ముందు ఒక్క ఎడమ చిటికెన వేలికే రంగేసి ఇంటికి పంపేసేది. కొన్నాళ్ళు చూసి, దురదా ఎరుపూ లేకపోతేనే మిగతావి. చౌల్దారీ నుంచి వచ్చిన ఒక తల్లికి ఒళ్ళు మండింది. "ఏం దీదీ, రంగు అయిపోయిందా? మిగతా వేళ్ళకి నేను ఇంటి సున్నం వేసుకోవాలా?" అని దులిపేసింది. దీదీ నవ్వి, "సున్నమైనా ముందు చిటికెన వేలికే వెయ్యి అక్కా" అంది. పోనుపోను అదే ఆచారమైపోయింది. చర్చి మెట్ల మీదో, చేపల జెట్టీ దగ్గరో, ఏ పిల్లకైనా ఒక్క చిటికెన వేలు ఎర్రగా కనిపిస్తే, "ఏటే, ముహూర్తమెప్పుడు?" అని అడిగేవాళ్ళు. రెప్పలు దురద పెట్టి ఆ ఒక్క వేలితోనే ఆగిపోయిన పిల్లలూ ఉన్నారు. వాళ్ళు బోసి గోళ్ళతోనే పెళ్ళి చేసుకుని చల్లగా ఉన్నారు. "ఒకసారి పడిందని ఎప్పుడూ పడుతుందనుకోకండే. ఒళ్ళు మనసు మార్చుకుంటుంది" అని అందరికీ చెప్పేది.

పోయిన వానాకాలంలో దీదీ వెళ్ళిపోయింది. చర్చిలో ఆమె చుట్టూ పూలు పెట్టారు. నేను వంగి ఆమె చెంప తాకాను. వేళ్ళు మడిచి, వెనుక వైపుతో. పక్కనున్నామె నావైపు వింతగా చూసింది.

కరుణకు కూడా డాక్టరమ్మ చేత ముందే పట్టీలు వేయించి, పడే రంగేదో అడిగి తెచ్చాం. నిన్న నేను చేతులు కడుక్కుని వరండాలోకి వెళ్ళేసరికి అది ఎడమ చెయ్యి గాలికి చాపి కూర్చుంది. చిటికెన వేలు ఒక్కటే నేరేడుపండులా మెరుస్తోంది.

"తెలుసులే అమ్మా, ఆరేదాకా మొహం ముట్టుకోను" అంది, నేను నోరు తెరవకముందే.

ఈ పొద్దున వేళ్ళు మడిచి దాని గడ్డం ఎత్తి, బుగ్గను వెలుతురు వైపు తిప్పి చూశాను. రెప్పలు తేటగా ఉన్నాయి. ఇంకా కొన్నాళ్ళు చూడాలి. "ఎందుకమ్మా ఎప్పుడూ ఇలా చేతి వెనకతో ముట్టుకుంటావు? నీ వేళ్ళకిప్పుడు రంగే లేదు కదా" అంది. అప్పుడే కింద ఓడ కూసింది, మెయిన్‌లాండుకు పోయే ఓడ. కరుణ తల తిప్పలేదు. దానికది చిన్నప్పట్నుంచీ వినే కూతే. నేను మాత్రం ఆ కూత ఆగేదాకా దాని బుగ్గ మీంచి చెయ్యి తీయలేదు.