క్రియతో మొదలుపెట్టే తోడల్లుడు

నేను చెప్పేదాంట్లో సగం కోసి అవతల పెట్టుకోండి. గారెను గుమ్మడికాయ చేయడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. డెబ్బైల్లో మా తోడల్లుడి మీద నేను పడ్డ అసూయను మాత్రం పెంచి చెప్పాల్సిన పని లేదు. అది అప్పటికే కృష్ణా బ్యారేజీ అంత ఉండేది.

నేను ఆటోనగర్‌లో లారీల స్పేర్ పార్టులు అమ్మేవాణ్ణి. అతను గన్నవరంలో బ్యాంకు ఉద్యోగి. మనమైతే గోంగూర బాగుందని ఊరుకుంటాం. అతను, "తిన్నానండీ అత్తయ్యగారూ, తిన్నాను... మీ చేతి గోంగూర" అనేవాడు. క్రియ ముందు పడేసి, కాస్త ఆగి, అసలు సంగతి ఆఖర్న వదిలేవాడు. ఆ ఆగిన కాసేపూ మా అత్తవారి ఊరు పామర్రులో వరిచేలు కూడా ఊపిరి బిగబట్టేవి. అత్తగారు నా విస్తరి దాటి వెళ్లి అతనికి రెండోసారి నెయ్యి వేసేవారు. పెద్దల్లుణ్ణి నేను.

మామగారు పామర్రులో బడిపంతులు. ఆయన రిటైరైనప్పుడు సన్మానసభలో ఇంటి తరఫున మొదట పెద్దల్లుడే మాట్లాడాలన్నారు. ఒక్కసారి ఆయన మెప్పు పొందితే చాలనుకుని, పిస్టన్ రింగుల ముందు నిలబడి సాధన చేశాను, అంతా తోడల్లుడి ఫక్కీలోనే.

"మామూలుగా మాట్లాడకూడదా ఏమండీ?" అంది మా ఆవిడ.

"మామూలుగా మాట్లాడితే మీ నాన్నకి ఆనదు."

మైకు ముందు, "మరువలేం..." అని అతనిలాగే ఆగాను.

మనవాళ్లకి క్రియ వినబడిందంటే మాట అయిపోయినట్టే. చప్పట్లు మోగాయి. దండలు పట్టుకుని కాచుకున్న బడిపిల్లలు ఒక్క ఉదుటున వేదిక ఎక్కారు. నా మిగతా వాక్యం బంతిపూల కింద కూరుకుపోయింది. అధ్యక్షులవారు "క్లుప్తంగా చెప్పారు" అని నన్ను కూర్చోబెట్టి తోడల్లుణ్ణి పిలిచారు.

అతను "నేర్పారు..." అని చూపుడువేలు పైకెత్తి ఆగాడు. ఆ వేలు చూసి ఒక్క చెయ్యీ కదల్లేదు. ఇన్నేళ్లూ ఆ వేలు నేను గమనించనే లేదు. నా చూపు ఎప్పుడూ నేతిగిన్నె మీదే.

"...ఈ ఊరికి అక్షరాలు, మా మామయ్యగారు."

సభ కళ్లు తుడుచుకుంది. ఊరి కాలవ గట్టు దాటి పొంగింది.

తిరిగి వెళ్లేటప్పుడు మామగారు నా భుజం మీద చెయ్యి వేసి, "మాట్లాడితే అలా మాట్లాడాలి అల్లుడూ" అన్నారు.

కాలవ పొంగలేదని మీకు తెలుసు, అది లెక్కలోకి రాదు. నేను నిజంగా కల్పించింది ఒక్క భుజమే. అన్నారు ఆ మాట, మా మామగారు... చిన్నల్లుడి భుజం మీద చెయ్యి వేసి.