గొర్రెపిల్లల కోటులో వచ్చిన కుక్కపిల్ల

సైరకాన్ ఏ విషయాన్నీ కొలవకుండా నమ్మే మనిషి కాదు. అత్‌బాషి లోయలో ఇరవై ఆరేళ్లుగా పశువైద్యం చేస్తున్నది. గొర్రె చెవి పట్టుకుని జ్వరం చెప్పగల కాపరులు చుట్టూ ఉన్నా, ఆమె మాత్రం థర్మామీటరు పెట్టి, మూడు నిమిషాలు ఆగి, అంకె రాసుకున్నాకే సూది తీసేది. అటువంటి మనిషి ఆ చలికాలమంతా ఒక చిన్న విషయాన్ని తేల్చుకోలేకపోయింది: ఇంటికి రెండో కుక్కను తేవాలా, వద్దా?

ఉన్న కుక్క పేరు మొయ్నోక్. మెడ చుట్టూ తెల్లని పట్టీ, పన్నెండేళ్ల వయసు. ఎడమ కంటికి పొర కమ్మింది, వినికిడి దాదాపు పోయింది, ముక్కు మాత్రం ఇంకా చురుకే. మొదటి మంచు పడిన వారంలో తోడేలు దొడ్డిలోకి దూకి రెండు గొర్రెలను చంపినప్పుడు అది పదహారు అడుగుల దూరంలో నిద్రపోతున్నది. తెల్లవారాక సైరకాన్ ఆ దూరాన్ని కొలిచింది, గాలి ఎటు వీచిందో గుర్తు తెచ్చుకుంది, కుక్క తప్పేమీ లేదని తేల్చింది. కుక్క మాత్రం రెండు రోజులు ఎవరి ముఖమూ చూడలేదు.

భర్త ఒమూర్‌జాక్‌కు ఇందులో ఆలోచించవలసినదేదీ కనిపించలేదు. ఎగువ దొడ్డి కాపరి సగిన్ దగ్గర మంచి జాతి కుక్క పిల్లలు పెట్టింది, ఒకదాన్ని తెచ్చుకుందామన్నాడు. అడ్డుపడింది అతని తల్లి బాత్మా. ఎనభై ఒక్కేళ్ల ఆమెను ఇంట్లో అందరూ అపా అనే పిలుస్తారు. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో మామగారు ముసలి కుక్క ఉండగానే కుర్రకుక్కను తెచ్చారట. మూడో రోజున ముసలిది గిన్నె ముట్టకుండా గేటు దాటి వెళ్లిపోయిందట. మంచు కరిగాక వాగులో దొరికిందట.

"దాని గిన్నె పక్కన ఇంకో గిన్నె పెడితే దానికి తెలీదనుకున్నావా పిల్లా? నీ పనైపోయిందని నోటితో చెప్పక్కర్లేదు" అన్నది అపా.

"కట్టేస్తే ఎక్కడికి పోతుందిలే" అన్నాడు ఒమూర్‌జాక్.

"ముందు నిన్ను కట్టేసి చూస్తా."

మామగారి నాటి ఆ ముసలి కుక్క జబ్బుపడి ఉండవచ్చు, చావు దగ్గరపడిన జంతువు ఏకాంతం వెతుక్కోవడం మామూలే అని సైరకాన్ వివరించింది. వివరించింది గాని మనసు కుదుటపడలేదు. పన్నెండేళ్లలో మొయ్నోక్‌ను ఒక్కపూట కూడా కట్టలేదు. ఆమె గుర్రం పక్కన అది నడవని దొడ్డి ఆ లోయలో లేదు. తాను చేసిన పనివల్ల అది గేటు దాటి వెళ్లిపోతే, ఏ అంకె రాసుకుంటే ఆ లెక్క సరిపోతుంది?

మార్చి చివరలో గొర్రెలు ఈనుతున్నాయి. సగిన్ దొడ్డిలో ఒక గొర్రెకు పిల్ల అడ్డం తిరిగితే సైరకాన్ వెళ్లి సరిచేసి వచ్చేముందు, అతడు కుక్కపిల్లను తెచ్చి చేతిలో పెట్టాడు. సగిన్ కుక్కపిల్లలను అమ్మడు. తల్లికుక్కకు రొట్టె, గొర్రె కొవ్వు పెట్టి అడిగితే ఇస్తాడు. ఆమె అలాగే పెట్టింది.

"వారం చూస్తాను. కుదరకపోతే తెచ్చిచ్చేస్తాను."

"ఇదేమన్నా మందుసీసానా ఎజే, నచ్చకపోతే వాపసివ్వడానికి?" అన్నాడు సగిన్. అక్కలాంటి ప్రతి స్త్రీనీ అతడు ఎజే అనే పిలుస్తాడు. పై వారం తాము ఎగువ కొండల మేతకు కదిలిపోతామని, తిరిగి తేవాలంటే ఆలోపే తెమ్మని కూడా చెప్పాడు.

ఇంటిదగ్గర అపా ముందే ఒక మాట తీసుకుంది. ఒకవేళ పిల్లను తెస్తే గేటు దగ్గర నేలమీద దించాలి. అది తన కాళ్లమీద నడిచి వచ్చి పెద్దదాని ఎదుట నిలబడాలి. సైరకాన్ ఒప్పుకుంది. కాని ఆరోజు సున్నాకు పది డిగ్రీల కింద చలి, ఎదురుగాలి. పిల్లను గొర్రెతోలు కోటులో దోపుకుని, వేళ్లు కొయ్యబారి, అలవాటుకొద్దీ తిన్నగా ఇంట్లోకి తెచ్చి పిడకల పొయ్యి పక్కన దించింది. ఈతలకాలం ముగిసేదాకా ఆ కోటును ఉతకరు. ఆ ఏడు అప్పటికే పందొమ్మిది నీరసపు గొర్రెపిల్లలు అందులో వెచ్చబడి ఇల్లు చేరాయి.

"గేటు దగ్గర దించావా?" అని అపా అడిగాక గాని తన పొరపాటు ఆమెకు తెలియలేదు.

మొయ్నోక్ కోటు అంచు వాసన చూసింది, తలుపు సందులోంచి పొయ్యివైపు ముక్కు చాచింది, తరువాత గుమ్మానికి అడ్డంగా పడుకుంది. ఇంట్లోకి గొర్రెపిల్ల వచ్చిన ప్రతిసారీ అది చేసే పని అదే; పిల్ల తిరిగి తల్లిని చేరేవరకు పిల్లిని కూడా గుమ్మం తొక్కనివ్వదు.

"ముసలాడు గొర్రెపిల్లనుకున్నాడే" అని అపా నవ్వింది.

అయిదు రోజులు మొయ్నోక్ గిన్నె ఖాళీ చేస్తూనే ఉంది. కుక్కపిల్ల వసారాలోకి జారితే మూతితో లోపలికి నెట్టింది. ఇంట్లో అందరికీ విషయం తేలిపోయింది, సైరకాన్‌కు తప్ప. మొయ్నోక్ కాపలా కాస్తున్నది పిల్లనా, కోటు వాసననా? వాసన ఎన్నాళ్లుంటుంది? అది పోయేనాటికి సగిన్ కొండల్లో ఉంటాడు.

ఆరో రోజు పొద్దున ఆమె, పిల్లను సగిన్‌కు తిరిగి ఇవ్వవలసి వస్తుందేమోనని, గుర్రానికి జీను కట్టి సిద్ధంగా ఉంచింది. వేడినీళ్లతో, సబ్బుతో పిల్లను రెండుసార్లు కడిగి శుభ్రమైన గుడ్డతో తుడిచింది.

"బాగానే ఉంది కదా, ఎందుకు కెలుకుతావు?" అన్నది అపా.

"బాగానే ఉంది అపా. దేనివల్ల బాగుందో తెలియాలి."

గేటు బార్లా తెరిచి, మొదటిరోజే చేయవలసినట్టు, పిల్లను దాని కాళ్లమీద నిలబెట్టింది. మొయ్నోక్ మెల్లగా వచ్చింది. చెవుల నుంచి తోకదాకా వాసన చూసింది. సబ్బుకు రెండుసార్లు తుమ్మింది. తల ఎత్తి తెరిచిన గేటువైపు చూస్తూ నిలబడిపోయింది. సైరకాన్ చేయి కళ్లెం మీదికి వెళ్లింది.

ఇంతలో కుక్కపిల్ల తడబడుతూ నడిచి మొయ్నోక్ గిన్నెలో మూతి పెట్టి రొట్టె నానిన గంజి నాకసాగింది. మొయ్నోక్ వెనుదిరిగి గిన్నె పక్కన నిలబడింది. కోడి దగ్గరికి వస్తే గుర్రుమన్నది. పిల్ల తిన్నంత తిన్నాక మిగిలింది తాను నాకి, తెరిచిన గేటుకు అడ్డంగా పడుకుంది. పిల్ల వెళ్లి దాని పొట్టకు ఆనుకుంది.

"తేలిందా డాక్టరమ్మా?" అన్నది వసారాలోంచి అపా.

"ఒక్కసారి చూసి చెప్పలేం అపా" అంటూనే సైరకాన్ గుర్రం జీను విప్పడం మొదలుపెట్టింది.