పది గంటలకు మళ్లే మనిషి

మా రోపన్న పోయి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. ఫిల్మ్‌నగర్ గ్రూపుల్లో తిరిగిన సందేశం మీలో కొందరికైనా చేరే ఉంటుంది. "కొండలంటే ప్రాణం పెట్టే మనిషి, పైదాకా వెళ్లాలన్న ఉత్సాహంలో టైము చూసుకోలేదు, ఇష్టమైన చోటే కన్నుమూశాడు" అని. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా. ఇష్టమైన చోటో కాదో నాకు తెలియదు. టైము చూసుకోలేదన్న మాట మాత్రం అబద్ధం. ఆ అబద్ధం ఆయన పేరు పక్కన అలాగే ఉండిపోతుందేమోనన్న భయంతో ఇది రాస్తున్నాను.

సినిమాల్లో హీరో గాల్లో ఎగురుతాడు కదా, తెర మీద కనపడని ఆ తాడు రెండో కొసను నలుగురైదుగురు పట్టుకుని ఉంటారు. వాళ్లలో ముందు నిలబడే మనిషి ఆయన. కృష్ణానగర్‌లో అందరికీ రోపన్న. నాకంటే ఏడేళ్లు చిన్నవాడైనా నేనూ అన్నా అనే పిలిచేవాణ్ణి. ఒకసారి మాస్టర్ అన్నాను. "మాస్టర్లు వేరే ఉంటరు సాబ్. నేను తాడు గుంజెటోణ్ణి" అన్నాడు. అందులో వినయమేమీ లేదు. ఎవరైనా ఊరి పేరు తప్పు చెబితే దిద్దుతామే, అలా దిద్దాడు.

పొద్దున్నే సెట్లోకి రాగానే ఒక మూల కూర్చుని, కళ్లు మూసుకుని, తాడంతా ఆ కొస నుంచి ఈ కొస దాకా వేళ్ల మధ్య నుంచి పోనిచ్చేవాడు. ఎక్కడైనా ఒక్క పోగు లేచిందేమోనని. ఆ సమయంలో ఎవరు పలకరించినా పలికేవాడు కాదు. తెలియనివాళ్లు జపం చేస్తున్నాడనుకునేవారు. అది అయ్యాకే టీ.

నాకూ ఆయనకూ పరిచయం అయిన తీరు చెబితే నవ్వుతారు. హీరో నాలుగో అంతస్తు మీంచి దూకుతూ గాల్లోనే మూడు వాక్యాల డైలాగు చెప్పాలని రాశాను. కాగితం చేతికి రాగానే ఆయన అందరి ముందూ అడిగాడు: "గిది రాసిందెవరు?" నేనేనన్నాను. "అయితే ముందు రైటర్ సాబ్‌ను కట్టుండ్రి. మూడు మాటలు చెప్పనీ, ఇందాం." జోక్ అనుకున్నాను. నిజంగానే బెల్టులు బిగించారు. ఎనిమిది అడుగులు లేపారో లేదో నా నోట్లోంచి ఒకే మాట వచ్చింది: దించు. దించారు. "గా ఒక్క మాటే రాయుండ్రి సాబ్, హీరోకు గూడ సరిపోతది" అన్నాడు. సెట్టంతా నవ్వింది. ఆ రోజు నుంచి గాల్లో ఎవరిచేతా ఎక్కువ మాట్లాడించలేదు నేను.

ఆయన దగ్గర ఒక కట్టడి ఉండేది. తాడు మీద వేలాడుతున్న మనిషి దించు అంటే దించాల్సిందే. ఎందుకని అడగకూడదు, డైరెక్టరు వైపు చూడకూడదు. అప్పట్లో పెద్ద హీరో ఒకాయన మూడో టేకులో దించమన్నాడు, డైరెక్టరు ఇంకొక్కటి అన్నాడు, రోపన్న దించేశాడు. ఆ కంపెనీలో మళ్లీ ఆయనకు పని దొరకలేదు. ఎవరి నడుము కాపాడాడో ఆ హీరో ఒక్క మాట అడ్డం వేయలేదు. సంతాప సభకు అదే హీరో వీడియో పంపాడు, "నాకు సొంత తమ్ముడు" అని. తమ్ముడి పేరు చెప్పే ముందు పక్కకు తిరిగి ఎవరినో అడిగాడు. ఆ ముక్క కత్తిరించడం కూడా మర్చిపోయారు.

ఇక కొండల సంగతి. జూబ్లీ హిల్స్‌లో ఒక నిర్మాత ఉన్నాడు. రెండు సినిమాల్లో నా పేరు తీసేసి తన బావమరిది పేరు వేయించినవాడు. అయినా పొద్దున్న నడక ఆయన బృందంతోనే చేసేవాణ్ణి. డెబ్భై దాటిన నాలాంటి మనిషికి పగ కంటే తోడు అవసరం, పైగా వాళ్లింట్లో కాఫీ బాగుంటుంది. ఆయనకు ఏటా జనవరి ఒకటిన సంకల్పాల పిచ్చి. లాన్‌లో కుర్చీలు వేయించి అందరి చేతా చెప్పిస్తాడు. ఈ ఏడు నెలకో గుట్ట, వచ్చే ఏడు హిమాలయం, ఆ పైన రాతి గోడలెక్కడం. మర్నాడే ఖరీదైన బూట్లు, వీపు సంచులు, మడత కర్రలు వస్తాయి. నెల తిరిగేసరికి అన్నీ కారు డిక్కీలో చేరతాయి. డ్రైవర్ల కాళ్లకు ఆ బూట్లు సరిపోవు గనక అక్కడే ఉంటాయి.

తాడు పని వయసు దాటిపోయాక రోపన్నను ఈ బృందానికి తోడు మనిషిగా పెట్టుకున్నారు. ఆయన చెప్పులతోనే ఎక్కేవాడు. ఎవరు ఎంత పైకి వెళ్తారో ఎప్పుడూ అడగలేదు. గుట్ట కింద నిలబెట్టి, జేబులోంచి మార్కర్ పెన్ను తీసి, ప్రతివాడి ఎడమ చేతి వెనక ఒక అంకె వేసేవాడు. ఎండాకాలమైతే పది, చలికాలమైతే పదకొండు. ఆ వేళకు ఎక్కడుంటే అక్కణ్ణుంచి వెనక్కి. పైకి ఇంకో రాయే ఉన్నా సరే. "ఎక్కుడు మీ శౌకు సాబ్. దించుడు నా పని" అనేవాడు. నిర్మాత ఒకసారి గొణిగితే, "గుట్ట యాడికి పోతది సాబ్? మల్లొస్తే గీడనే ఉంటది" అన్నాడు. నిర్మాత నోరు మూసుకుని దిగాడు.

నా ఇంట్లో ఒక అర నిండా పర్వతారోహకుల పుస్తకాలున్నాయి. శ్రీనగర్ కాలనీలో మూడో అంతస్తు ఎక్కడానికి లిఫ్టు వాడే మనిషిని, మంచు శిఖరాల గురించి మాత్రం చాలా చదివాను. వాటిలో చచ్చిపోయినవాళ్ల కథ దాదాపు ఒకటే. తిరగాల్సిన వేళకు తిరగరు, శిఖరం ఎక్కుతారు, దిగేటప్పుడు పోతారు. ఈ సంగతి రోపన్నకు నేనే ఒకసారి విడమర్చి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "గింత చదివితేగాని తెల్వలేదా సాబ్?" అన్నాడు.

ఈ జనవరి ఒకటిన లాన్‌లో నా వంతు వచ్చింది. "ఈ ఏడు ఒక్క గుట్టయినా చివరంటా ఎక్కుతాను" అన్నాను. నిర్మాత కాఫీ కప్పు కింద పెట్టి నవ్వాడు. "ఎందుకు గురువుగారూ, మీ కథల్లో క్లైమాక్స్ ఎప్పుడైనా పైకి లేచిందా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత రోపన్న చేత కూడా చెప్పించారు. ఆయన కుర్చీలో కూర్చోలేదు, మెట్టు మీద కూర్చున్నాడు. "పోయినేడు తీస్కపోయినోళ్లందర్ని ఇండ్లకు తెచ్చిన. ఈయేడు గూడ గదే" అన్నాడు. అది సంకల్పమేంటన్నారు. వాళ్లకు అది సంకల్పంలా వినపడలేదు. నిజం చెప్పాలంటే ఆ పూట నాకూ వినపడలేదు. నా చెవుల్లో నిర్మాత నవ్వు ఉంది.

మూడో గుట్టకు బయల్దేరేసరికి ఎండలు ముదిరాయి. నా చేతి మీద పది వేశాడు. నగరానికి గంటన్నర దూరంలో ఉన్న బండల గుట్ట అది, పైన కూలిన కోట గోడ ముక్క. మిగతావాళ్లు సగంలోనే నీడ చూసుకుని ఆగారు. పది కాగానే నిర్మాత అందరితో పాటు బుద్ధిగా దిగడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్లుగా నేను తిట్టుకునే మనిషి ఆ రోజు చేయాల్సింది చేశాడు. ఈ ఒక్క మాట ఆయనకు దక్కాలి, రాస్తున్నాను.

నాకు పైన మూడు బండలు మిగిలాయి.

"మళ్లుదాం సాబ్. పది కొట్టింది."

"పది నిమిషాలన్నా. ఇదిగో, కనపడుతోంది."

"కనవడుడు వేరే. నడువుండ్రి."

"నువ్వు దిగు. నేను వస్తాను."

ఆ మాట అన్నప్పుడే నాకు తెలుసు, ఆయన నన్ను వదిలి దిగలేడని. తెలిసే అన్నాను. ఆయన రెండుసార్లు చేయి పట్టుకున్నాడు, రెండుసార్లూ విదిలించుకున్నాను. వేలాడేవాడు దించు అంటే దించే మనిషికి, దించవద్దనేవాణ్ణి ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు. కింద నుంచి నా నడుముకు భుజం ఆనించి ఒక్కో బండా ఎక్కించాడు. పది నిమిషాలు నలభై అయ్యాయి. నా సీసా అయిపోతే తనది ఇచ్చాడు. తాగేశాను. పైన ఫోటో తీయమన్నాను, తీశాడు. దిగుతూ సగంలో "జర కూసుంట సాబ్" అన్నాడు. కూర్చున్నవాడు పక్కకు ఒరిగాడు. గుట్ట కింద ఆగి ఉన్నవాళ్లను అరిచి పిలిచాను. మోసుకుని దించారు. ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం లేదన్నారు. గుండె.

ఆసుపత్రి వరండాలో నిర్మాత అడిగాడు: "పైన ఎందుకంత లేటైంది గురువుగారూ?"

"ఆయనే ఇంకొంచెం పైకి పోదామన్నాడు" అన్నాను.

జీవితమంతా మాటలు రాసి బతికాను. ఒక్క డైలాగు కోసం వారం రోజులు కాగితాలు చింపిన సందర్భాలున్నాయి. ఆ వాక్యం మాత్రం ఆలోచించకుండానే, తడబడకుండా వచ్చింది. నిర్మాత దాన్ని నమ్మి, నలుగురికి చెప్పి, సందేశంగా పంపాడు. ఆయన తప్పేం లేదు.

సంతాప సభలో నన్ను మాట్లాడమన్నారు. తాళ్ల గురించి, నమ్మకం గురించి అయిదు నిమిషాలు మంచి తెలుగులో మాట్లాడాను. కళ్లు తుడుచుకున్నవాళ్లున్నారు. బయట టీ బండి దగ్గర ఆయనతో కలిసి తాడు లాగిన ఇద్దరు నా వెనకే నిలబడి ఉన్నారు, నన్ను చూడలేదు.

"రోపన్న టైమ్ తప్పిండంటే నేన్నమ్మ."

"నువ్వు నమ్మకుంటేంది? రైటర్ సారే పక్కన ఉండె గదా. ముసలోడైతే ఎవ్వడైనా గంతే. లెక్క తప్పిండు."

టీ అక్కడే పెట్టేసి వచ్చేశాను. అలా ఇంకో వారం గడిపాను.

నిన్న మధ్యాహ్నం కృష్ణానగర్ వెళ్లాను. సందులోకి కారు పోదు, ఆటో కూడా కష్టమే. మూడో అంతస్తులో ఒకటే గది. ఆయన భార్య ప్లాస్టిక్ కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, తను గడప దగ్గర కింద కూర్చుంది. నేను నోరు తెరవకముందే ఆమే అంది: "మా ఆయన టైమ్ తప్పడు సార్. పెండ్లికి గూడ ముహూర్తం కంటే ముందే వచ్చి కూసున్నడు. అందరు గట్ల అంటుంటే నాకు నిద్ర వడతలేదు."

చెప్పాను. లాన్ నుంచి మొదలుపెట్టి వరండాలో అన్న మాట దాకా. అంతా విన్నాక ఆమె అడిగింది.

"ఆయన మళ్లుదామన్నడా?"

"అన్నాడమ్మా."

"ఎన్నిసార్లు?"

"మూడు నాలుగు సార్లు."

"నీళ్లు?"

"నేనే తాగాను."

కొంగు అంచు మడత పెట్టింది. "పైన ఫోటో దిగిండ్రా?"

దిగానన్నాను. చూపించమంది. ఫోనులో తీసి ఇచ్చాను. కోట గోడ మీద రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డ నేను, వెనక తెల్లటి ఆకాశం. ఆమె దాన్ని వేలితో పెద్దది చేసి మూలమూలలా వెతికింది.

"గిండ్ల ఆయన లేడు."

"తీసింది ఆయనేనమ్మా."

ఫోను నా ఒళ్లో పెట్టింది. "గీ సంగతి ఆ తాడు పనోళ్లందరికి చెప్పుండ్రి. రాసుడు వస్తది గదా మీకు, రాయుండ్రి. పోండ్రింక సార్."

లేచాను. ఆ ఇంటి మెట్లు ఇరుకు, నిటారు. పట్టుకోవడానికి గోడ తప్ప ఏమీ లేదు, పట్టపగలే చీకటి. మొదటి మెట్టు కోసం కాలితో తడుముకుంటున్నాను. వెనక నుంచి ఆమె వచ్చి నా మోచేయి పట్టుకుంది. నా మొహం చూడలేదు. వేళ్లు ఎముకకు తగిలేంత గట్టిగా పట్టుకుని, ఒక్కో మెట్టూ దించింది. మలుపుల దగ్గర నన్ను గోడ వైపు నెట్టి, తను బయటి వైపు నడిచింది. మూడు అంతస్తులూ అలాగే. వీధిలో నా రెండు పాదాలూ నేల మీద ఆనాక చేయి వదిలేసి, వెనక్కి తిరిగి, ఎక్కిపోయింది. పైన తలుపు గడియ పడేదాకా నేను ఆ మెట్ల ముందు నిలబడే ఉన్నాను.