చిన్నమ్మ నాకేమవుతుంది

మా వాడలో ఎవరినీ పేరు పెట్టి పిలవం. కులం వేరైనా, దేవుడు వేరైనా వరుస మాత్రం తప్పదు. ఎదురింటి ఆవిడ వదిన, మూలమీది ఇంటి ఆవిడ అక్క, వెనకింటి ఆవిడ అత్త, మా గోడకు ఆనుకున్న ఇంట్లో ఉండే పెద్దావిడ చిన్నమ్మ. కరీంనగర్‌లో నేను పుట్టిందీ ఆ వాడలోనే, పెళ్ళయ్యాక కాపురం పెట్టిందీ అక్కడే. మాది సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే ఇల్లు, చిన్నమ్మ ఆదివారం చర్చికి పోయే మనిషి. ఈ పిలుపులే ఒక మధ్యాహ్నం మా కొంప ముంచినంత పని చేశాయి.

చిన్నమ్మ పెనిమిటి దవాఖానలో ఉన్నన్నాళ్ళూ ఆమె ఆ మంచం పక్కన చాయ్, బన్నుతో గడిపింది. రోగి తిన్నాడా అని అందరూ అడుగుతారు, పక్కన కూర్చున్న మనిషిని ఎవరూ అడగరు. ఆయన పోయాక ఆమె ఇంట్లో కూర్చోలేదు. అన్నం, పచ్చిపులుసు పట్టుకుని మళ్ళీ ఆ వార్డుకే వెళ్ళి, మంచాల పక్కన కూర్చున్న ఆడవాళ్ళకు పెట్టడం మొదలుపెట్టింది. అది చూసి వదిన ఒక కూర వండింది, నేను ఒక గిన్నె మోశాను, మెల్లగా వాడంతా దిగింది. బియ్యం ఇస్తామని ముందుకొచ్చినవాళ్ళు మాత్రం రిజిస్టరైన సంఘం ఉంటేనే ఇస్తామన్నారు.

డిగ్రీ చదివి బ్లౌజులు కుట్టుకునే నాకు సంఘం నియమాలు రాసే బైలాలంటే ఏం తెలుసు? ఫోన్‌లో ఏఐని అడిగాను. అందరూ మా ముందు గదిలో చాప మీద కూర్చుంటే, కమిటీలో ఎవరెవరుంటారో నోటితోనే చెప్పాను. అధ్యక్షురాలు మా చిన్నమ్మ, కోశాధికారి మా వదిన, కార్యదర్శి నేను, సభ్యులు మా అక్క, మా అత్త, ఇలా. అది ఇచ్చిన జవాబు పైకి చదివాను. "మీరు చెప్పిన సభ్యులందరూ ఒకే కుటుంబానికి చెందినవారని అనిపిస్తోంది. సంఘం మీద నమ్మకం కుదరాలంటే బయటివారు కూడా ఉండటం మంచిది."

వదిన కడుపు పట్టుకుని నవ్వింది. "అయితె మనమంత ఒక్క ఇంటోల్లమే. ఇగ రేపటి సంది నేను నీ ఇంట్లనే తింట."

నేనూ నవ్వుతూనే సరిదిద్దాను. ఇవి మేము పిలుచుకునే పిలుపులే, నిజం చుట్టరికాలు కావని ఒక్కొక్కరి సంగతీ చెప్పాను. అది బుద్ధిగా తప్పు ఒప్పుకుని మళ్ళీ రాసి ఇచ్చింది. ఆ హుషారులోనే గడగడా చదువుకుంటూ పోయాను. వదిన, బంధువు కాదు. అక్క, బంధువు కాదు. చిన్నమ్మ, బంధువు కాదు.

చిన్నమ్మ కొంగు దులుపుకుని లేచింది. పొయ్యి మీద పాలున్నాయంది. మరునాడు దవాఖానకు ఆమె వండిన అన్నం వచ్చింది గానీ ఆమె రాలేదు. కమిటీలో తన పేరు తీసేయమని వదినతో కబురు పంపింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఉన్నమాట చదివితే ఇంత అలక ఎందుకని వాళ్ళింటికే పోయి అడిగాను. చిన్నమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నీకు ఒడిబియ్యం ఎవలు పోసిండ్రే?" అంది.

నా కోపం అక్కడే చల్లారింది. పెళ్ళైన కూతురి ఒడిలో తల్లిగారింటి వాళ్ళు పసుపు కలిపిన బియ్యం పోయడం మా దిక్కు ఆనవాయితీ. నన్ను కన్న మా అవ్వ పోయాక, అన్నదమ్ములు లేని నాకు ఒడి నింపే దిక్కు లేకపోయింది. అప్పుడు చిన్నమ్మే పెనిమిటిని వెంటబెట్టుకుని వచ్చింది. తమ ఇళ్ళలో లేని ఆచారాన్ని వాళ్ళనూ వీళ్ళనూ అడిగి తెలుసుకుని, ఎండుకొబ్బరి కుడుకలు, రవిక బట్ట తెచ్చి, నన్ను పీట మీద కూర్చోబెట్టి పోసింది. పోస్తున్నంతసేపూ తన ప్రార్థన తాను చేసుకుంటూనే ఉంది.

"గా రూలు మంచిదే బిడ్డా," అంది చిన్నమ్మ. "ఇంటోల్లే నిండితె ఎవలు నమ్ముతరు? గని నీకు నేనేం గానని రాపిచ్చుకొని లోపల కూసునుడు కంటె, నీ మనిషినని బయట కూసునుడే నాకు నయం."

ఏడుపు ఆపుకోలేక ఇంటికి వచ్చేశాను. జరిగిందంతా ఫోన్‌కే చెప్పి, ఒడిబియ్యం పోసినామె నాకేమవుతుందని అడిగాను. ఒడిబియ్యం అంటే ఏమిటో అది నన్నే అడిగింది. చెప్పాను. ఆమె మీకేమవుతుందో మీరే చెప్పాలి, ఈ నియమం ఉన్నది మమకారం వల్ల నిర్ణయం ఒకవైపు మొగ్గకుండా చూడటానికే అంది. ఎవరి విషయం చర్చకు వస్తే వారూ, వారిని తమవారనుకునేవారూ ఆ మాట అందరి ముందూ చెప్పి, ఆ కాసేపు బయట కూర్చుంటే చాలు, కమిటీ వదలనక్కర్లేదని రాసి ఇచ్చింది. అందరూ అందరినీ తమవారే అనుకుంటే మాత్రం సమావేశంలో కోరానికి సరిపడా మనుషులు మిగలరు, చూసుకోమంది. మా వాడ సంగతి దానికి అప్పటికి అర్థమైంది.

నియమం చదివి వినిపిస్తే చిన్నమ్మ "సూద్దాం తియ్" అని మళ్ళీ చేట అందుకుంది. పేరు తీసేయమని మాత్రం మళ్ళీ అనలేదు.

మొదటి సమావేశంలో మొదటి ముచ్చట, సంఘం వంట ఎక్కడ పెట్టాలని. మా ముందు గదిలోనే పెడదామని అక్క అంది. నా ఇల్లు కాబట్టి నేను లేచాను. నా వెనకే చాప మీద చేయి ఊని చిన్నమ్మ లేచింది.

"నువ్వేడికి చిన్నమ్మా? నువ్వు అధ్యక్షురాలివి గదా," అంది వదిన.

"నా బిడ్డ ఇంటి ముచ్చట. నేనుండద్దు. గదే రాసుకోరి."

ఇద్దరం బయట అరుగు మీద కూర్చున్నాం. లోపలి మాటలు వినకూడదని చిన్నమ్మ చెవుల మీదికి కొంగు లాక్కుంది. నేను ఆమె ఒడిలో తల పెట్టుకున్నాను. అయిపోయింది రారి అని వదిన పిలిస్తే, జర ఆగమని చిన్నమ్మే జవాబిచ్చింది.