మిద్దెకు గంజి పెట్టిన ఎండాకాలం

కర్నూలు ఎండ కంటే మా అపార్టుమెంటులో మనుషులే ఎక్కువ మండుతున్నారు ఈ నెలంతా. మిద్దె మీద వేడిని ఆపే తెల్ల రంగు వేయించాలా వద్దా, పెట్టిన డబ్బుకు తగ్గ చల్లదనం వస్తుందా అన్నది తగాదా. రంగులమ్మే అతను మొన్న డబ్బా మూత తీసి చూపించాడు. ఏదో మందు వాసన గుప్పుమంది. నాకు మాత్రం ఆ తెలుపు చూడగానే తడి సున్నం, పులిసిన గంజి కలిసిన పాత వాసన గుర్తొచ్చింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. జమ్మలమడుగు దగ్గర మా ఇల్లు, ఇంటి నడుమ గుంతమగ్గం, మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని అమ్మ. ఉగాది ఓళిగల నేతి వాసన ఇంట్లోంచి పోకముందే మొదలయ్యే ఎండలు, బనగానపల్లె మామిడిపండ్లు గంపల్లో దిగేసరికి బాగా ముదిరి, వీధిలో కుక్క కూడా కనపడని మధ్యాహ్నాల్లో, పిల్లలం కడప బండల నేలను తడిగుడ్డతో తుడిచి, గచ్చకాయలు ఆడి ఆడి బోర్లా పడుకుని, చెంప కింద బండ వెచ్చబడగానే పక్క బండ మీదికి దొర్లుతూ, అమ్మ చేతిలో దారం మోసే నాడె అటూ ఇటూ పరిగెత్తే చప్పుడు వింటూ నిద్రపోయేవాళ్ళం.

ఆ బండల చలువే మా కొంప ముంచింది. పాత మట్టిమిద్దె తీసి స్లాబు వేయించినప్పుడు నాయన దాని మీద కూడా నున్నటి నల్ల బండలే పరిపించాడు. "కిందుంటేనే ఇంత సల్లగుండాయి, పైనుంటే ఇంకెంత సల్లగుంటాయో!" అని మురిసిపోయాడు. బండను మా వాళ్ళు దేవుడి తర్వాత దేవుడిలా నమ్ముతారు. ఆ చలువ బండది కాదు, నీడదని ఒక్కరికీ తోచలేదు. వేసవి వచ్చేసరికి నెత్తిన పెనం బోర్లించినట్టయింది.

మనుషులమైతే ఓర్చుకున్నాం, నూలు ఓర్చుకోలేదు. పడుగు పోగులు ఎండి పెళుసెక్కి పటుక్కు పటుక్కున తెగేవి. అమ్మ ఒకటి ముడేసేలోగా ఇంకొకటి తెగేది. చివరికి నాయన విసిగిపోయి, మగ్గం పీకేద్దామన్నాడు. తను బండల పాలీషు ఫ్యాక్టరీలో పనికి పోతానని, అమ్మను కూడా అక్కడే కూలికి రమ్మన్నాడు. అది అమ్మ పుట్టింటి నుంచి బండి మీద తెచ్చుకున్న మగ్గం. "నా పానం ఉన్నంతకాలం మగ్గం కదల్దు" అంది అమ్మ.

కూలర్ కొనాలని దాచిన డబ్బు ఇంట్లో ఉంది. దాన్ని మిద్దె మీద పూసే సున్నానికి ఇమ్మంది అమ్మ.

"ఎవురికీ కనపడని దానికి దుడ్లు పెడతారా ఎవురన్నా?" అన్నాడు నాయన.

"మద్యాన్నం కరెంటు యాడుండాది, నీ కూలర్ తిరగనీకి?"

నాయన డబ్బు తీసిచ్చాడు. సున్నపురాళ్ళు వచ్చాయి, తొట్టిలో బుసబుసా ఉడికాయి. అమ్మ మగ్గం ఆపి మిద్దె ఎక్కి పూసింది. నున్నటి బండ మీద సున్నం నిలుస్తుందా? మర్నాటికే పెచ్చులు పెచ్చులుగా లేచి గాలికి ఎగిరిపోయింది. నాయన మీసాల్లోనే నవ్వుకున్నాడు. నాకు ఆ నవ్వు చూసి ఏడుపొచ్చింది.

అమ్మ మాత్రం పెచ్చులన్నీ ఊడ్చి, బండల మీద ఇసుక పోసి గరుకెక్కేదాకా రుద్ది, పడుగుకు పట్టించే గంజిని కడవతో పైకి మోసి సున్నంలో కలిపింది. పక్కింటి ఖాసింబీ అవ్వ గోడ మీంచి తొంగిచూసి, "ఏమ్మే, మిద్దెకు గూడా గంజి పెడతాండావే! రేపు దాన్ని గూడా నేస్తావా ఏమి?" అని పకపకా నవ్వింది. "నేస్తా అవ్వా, నీకే కడతా" అంటూ అమ్మ పూస్తూనే ఉంది.

సగం మిద్దె అయ్యాక, మిట్టమధ్యాహ్నం నాయనను పిలిచి చెప్పులు విప్పమంది. నల్ల బండ మీద కాలు పెట్టగానే ఆయన "అబ్బబ్బా" అంటూ కోడిపుంజులా గెంతి తెల్లబండ మీద పడ్డాడు. పడి, అక్కడే నిలబడ్డాడు. కాళ్ళ వంక చూసుకుని, రెండో కుంచె అందుకున్నాడు. పోగులు తెగడం పూర్తిగా మానలేదు కానీ బాగా తగ్గింది. మగ్గం ఇంట్లోనే ఉంది, అమ్మ ఇంట్లోనే ఉంది. నాకు అంతకంటే ఇంకేం కావాలి?

ఏటా వానలకు సున్నం కరిగేది, ఏటా ఉగాది దాటగానే అమ్మ మళ్ళీ పూసేది. మరమగ్గాల చీరలు అంగళ్ళ నిండా వచ్చాక మాకు నూలిచ్చేవాళ్ళు లేకుండా పోయారు. మగ్గం విప్పేసి గుంత పూడ్చాం. ఆ ఏడు కూడా అమ్మ సున్నం నానబెట్టింది.

"కింద మగ్గం లేదు గదమ్మా, ఎందుకింక?" అన్నాను.

"మనుషులుండాం గదే" అంది.

ఇప్పుడు ఆ మిద్దె లేదు, మా వీధిలో నాడె చప్పుడు లేదు, అమ్మ లేదు. ఎండ పై అంతస్తు వాళ్ళకే కదా, తక్కిన వాళ్ళం డబ్బెందుకివ్వాలని మా అపార్టుమెంటులో ఇంకా వాదించుకుంటున్నారు. నేనుండేది అన్నిటికంటే కింద. నా వాటా నిన్ననే ఇచ్చేశాను.