దగ్గు తీసేసిన పాట

"పాట శుభ్రంగా ఉంది కదే, ఇంకేం కావాలి?"

"మా నాన్న దగ్గు ఏది?"

నిన్న గోడ అవతల మొగుడూ పెళ్లాల గొడవ ఇది. ఆయన తపాలా ఆఫీసులో ముప్పయ్యేళ్లు ఉత్తరాలు వీధులవారీగా వేరుచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు పాటల్ని వేరుచేస్తున్నాడు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడ దగ్గర గుండీ కూడా పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. ప్రతి పాటకీ రాగం, తాళం, శ్రుతి, నిడివి పట్టికలో ఎక్కిస్తాడు. గొంతు ఎక్కడ ఎక్కిందో ఎక్కడ దిగిందో గ్రాఫు గీయిస్తాడు. సాయంత్రానికల్లా నాలుగు వందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పంచుతాడు. ఇన్ని పాటలున్న మనిషి ఒక్క పాటైనా కూర్చుని వినగా నేను చూడలేదు. గ్రాఫు చూసే తల ఊపుతాడు.

మొన్న, చనిపోయిన మామగారు పాడిన క్యాసెట్ వంతు వచ్చింది. ఆ పెద్దాయన రెండు చరణాల మధ్య దగ్గి, "తలుపు వెయ్యవే, చలిగాలి" అని కూతుర్ని కసిరాడట. సాఫ్ట్‌వేర్ దాన్ని చెత్త అంది, ఈయన ఊడ్చేశాడు. ఒకే పాట రెండుచోట్ల ఉంటే ఈయనకి గిట్టదు కాబట్టి అసలు ఫైలూ, క్యాసెట్టూ కూడా పారేశాడు. గ్రూపులో అందరూ చప్పట్లు కొట్టారు. ఇంట్లో ఆవిడ మాట్లాడటం మానేసింది.

ఇవాళ మైకు పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. మెడ దగ్గర గుండీ ఊడి ఉంది.

"బాబూ, నీకు వారం నుంచీ జలుబు కదా. ఓ రెండు దగ్గులు దగ్గి, తలుపు వెయ్యమని కాస్త కసిరిపెట్టు. ఎక్కడ అతికించాలో గ్రాఫులో గుర్తు పెట్టుకున్నాను."