ఇదెప్పుడు చినుగుతాది?

ఉదయగిరిలో ఎవరు కొత్త గుడ్డ కట్టుకున్నా హన్నమ్మవ్వ కంట పడకుండా తిరిగేవాళ్లు. పడ్డారో, ఆమె ఆ గుడ్డ అంచు పట్టుకుని, వేళ్లతో నలిపి చూసి, ఒకటే అడిగేది.

"బాగుండాది. ఇదెప్పుడు చినుగుతాది?"

పెళ్లి పందిట్లో చెంచులక్ష్మిని అడిగింది, మెళ్లో దండ వాడకముందే. ఆత్మకూరు బస్సులో ముక్కూ మొహం తెలియని కండక్టరు చొక్కా పట్టుకుని అడిగింది. పాపం, ఆయన టికెట్ కొట్టడం మర్చిపోయాడు. ఎవరింట్లో ఏ గుడ్డ చినిగినా చివరికి అవ్వ గడపలోకి రావాల్సిందే, బొంతగా మారాల్సిందే.

ఆ పిచ్చి మనవరాలు షైనీకి నాలుగేళ్లకే అంటుకుంది. మొదట సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది. ఏడేళ్లకు తనే కుట్టు పట్టింది. పదేళ్లొచ్చేసరికి కుట్టు కుదిరింది గానీ కత్తెర మాత్రం మాట వినేది కాదు.

"కోతంటే నీటుగా ఉండాల గదే! ఎలక కొరికినట్టు ఏందిది?" అని అవ్వ నెత్తి కొట్టుకునేది.

తొంభై నాలుగో సంవత్సరం క్రిస్మస్ ముందు ఇద్దరూ ఒక పెద్ద బొంత మొదలుపెట్టారు. "నడిమధ్యన ఎర్రముక్క ఒకటి పడితేనా, బొంతకు ప్రాణం వస్తాది," అంది అవ్వ. అంతే! శనివారం చర్చి ఊడ్వను పోయిన షైనీకి ప్రసంగ పీఠం మీది ఎర్ర మఖమలు గుడ్డ కనిపించింది. వెనకవైపు మూల ఎవరికి కనబడుతుందిలే అని కత్తిరించేసింది.

వెనకవైపు నిలబడేది పాస్టరయ్యగారేనని ఆదివారం గంట కొట్టినాక గుర్తొచ్చింది పిల్లకి.

సైమన్ అయ్యగారు బైబిలు తెరవబోయి ఆగారు. గుడ్డ మూల ఎత్తి అందరికీ చూపించారు. "ఎవరు కోశారిది?"

సంఘమంతా చందాలేసుకుని తెచ్చుకున్న గుడ్డ. సంఘపెద్ద రాజమోహన్ గభాల్న లేచాడు. "నిన్న ఊడ్చిందెవురు? దొంగెవురో ఇప్పుడే తేలాల!"

షైనీ అవ్వ వెనక్కి నక్కింది. దొంగ అని పేరు పడితే రేపు బళ్లో మొహం ఎట్లా చూపించేది?

"నేనేలే అయ్యగారూ," అంటూ లేచింది హన్నమ్మవ్వ. "చినిగేదాకా ఓపిక పట్టలేకపోయినాను."

ఒక్కరంటే ఒక్కరు అనుమానపడలేదు. చర్చి చర్చంతా గొల్లుమంది. "ప్రతి ఆదివారం అడుగుతానే ఉండాది గదా, ఇదెప్పుడు చినుగుతాదని!" అన్నారెవరో. రాజమోహన్ కూడా నవ్వాపుకోలేక కూలబడ్డాడు.

అయ్యగారు గుడ్డ మడిచి ఆమె చేతికిచ్చారు. "చినిగింది హన్నమ్మా, తీసుకో. క్రిస్మస్‌కి మాత్రం పీఠానికి ఏదో ఒకటి కుట్టి తేవాల."

షైనీకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇంటికి పోయే దోవలో అవ్వ కొంగు పట్టుకుని ఏడ్చేసింది. "నేనే కోసినానని నీకెట్లా తెలిసిందవ్వా?"

"కోత చూస్తే తెలీదా? ఇంకోసారి అడక్కుండా ఒకరి గుడ్డ మీద కత్తెర పెట్టబాక," అని నాలుగడుగులేసి ఆగింది అవ్వ. ముక్కుపుటాలు అదురుతున్నాయి. "అది నేను కోసినానంటే అంతమందీ నమ్మినారు చూడు! నలభై ఏండ్లు బొంతలు కుట్టిన చెయ్యి అంత వంకర పోతాదా అని ఒక్కడన్నా అన్నాడా? కడుపు మండిపోతా ఉండాది నాకు!"

షైనీకి ఏడుపులోనే ఫక్కున నవ్వొచ్చింది.

"నవ్వింది చాల్లే. పద, కత్తెర పట్టుకుందువు గాని."